రోజుకు ఐదు లింకులు వద్దు, వారానికో సంత చాలు

మీరడిగింది ఇది: స్నేహితుల గ్రూపులోనూ ఇంటివాళ్ల గ్రూపులోనూ నెట్‌లో కనిపించిన వింతలు రోజూ నాలుగైదు పెడుతున్నారు. మొదట్లో చప్పట్లు, దండాలు వచ్చేవి. ఇప్పుడు రెండు నీలం టిక్కులు పడటమే తప్ప ఎవరూ నోరు విప్పడం లేదు. పైగా ఒకసారి మీ బావగారు అందరి ముందూ "ఇది ఫేక్, ముందు చూసుకో" అనేసరికి మనసు చివుక్కుమంది. ఎక్కడ వెతకాలి, వారానికి ఎన్ని పెట్టాలి, ఎలా రాసి పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఒక దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. పేజీ పెట్టేటప్పుడు వార్త అయిపోయి కాలమ్ అడుగున రెండంగుళాల ఖాళీ మిగిలేది. దాన్ని నింపే ముక్కను ఫిల్లర్ అంటాం. ఎక్కడో రెండు తలల తాబేలు, ఎక్కడో వందేళ్ల కేకు, అలాంటివి. కొత్తగా చేరినవాళ్ల నెత్తిన ఆ పని వేసేవారు. నా నెత్తిన పడింది మరి దిగలేదు, ఎందుకంటే నాకది నచ్చింది. రిటైరయ్యాక అదే పని నెట్ మీద చేస్తున్నాను. పదకొండేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం అరవై మంది దాకా బంధువులకీ పాత మిత్రులకీ ఒక ఉత్తరం వెళ్తుంది. దాని పేరు "శనివారం సంత".

ఎన్ని అన్నదానికి జవాబు ఆ పేరులోనే ఉంది. సంత రోజూ జరగదు. రోజూ జరిగితే అది బజారు, దారిన పోతూ ఎవరూ తలెత్తి చూడరు. వారం పొడుగునా ఏరుకోండి, పంచడం మాత్రం ఒక రోజు పెట్టుకోండి. చెయ్యి ఆగకపోతే మధ్యలో బుధవారం ఒక్కటి. అంతకు మించితే మీరు గ్రూపును మ్యూట్ చేయించుకునే పనిలో ఉన్నారని అర్థం.

ఏరుకోవడానికి నాకు పెద్ద ఏర్పాటేమీ లేదు. వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుంటాను, పక్కన రెండు ముక్కలు రాసి: "చేపలు, గంట, నెదర్లాండ్స్" అని. ఆ రెండు ముక్కలు రాయకపోతే శుక్రవారానికి అది ఎందుకు దాచానో నాకే గుర్తుండదు. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే ముప్పై నలభై ఉంటాయి. అందులో నిలిచేవి ఐదు. మంగళవారం నోరు వెళ్లబెట్టించింది శుక్రవారానికి చప్పబడిపోతుంది. ఈ మూడు రోజుల ఊరబెట్టడమే నా జల్లెడ. పొద్దున చూసింది పొద్దునే పంపేస్తే ఆ జల్లెడ ఉండదు. మీ గ్రూపుల్లో జరిగింది అదేనని నా అనుమానం.

ఇక ఎక్కడ వెతకాలి. రీల్స్‌లోనూ, "టాప్ టెన్ వింతలు" అనే చోట్లా వెతకొద్దు. అక్కడ దొరికేది మీకంటే ముందే మీ మేనల్లుడికి చేరి ఉంటుంది. నేను ఎక్కువగా వికీపీడియాలో తిరుగుతాను, కానీ వ్యాసం కోసం కాదు, వ్యాసం అడుగున ఉండే లింకుల కోసం. ఇంగ్లీషు వికీపీడియాలో చిత్రమైన వ్యాసాలన్నిటినీ ఒకచోట చేర్చిన పేజీ ఒకటి ఉంది, అది ఒక్కటే ఏడాదికి సరిపోతుంది. మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని మొదటి పేజీలో "మీకు తెలుసా" అనే భాగం ఉంటుంది. మన ఊళ్ల గురించి వేరే ఎక్కడా కనిపించని సంగతులు అక్కడ తగులుతాయి.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నాకు అసలైన గని. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ఒకప్పుడు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ అక్కడ ఉన్నాయి. ఆ స్కానింగ్ చేసిన పెద్ద కేంద్రాల్లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒకటి. చిక్కేమిటంటే చాలావాటికి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. ఆంధ్ర అన్న మాటకే మూడు నాలుగు స్పెల్లింగులు, మధ్యలో అక్కర్లేని కామాలు. అందుకని సరైన స్పెల్లింగుతో వెతికితే దొరకదు, తప్పులతో వెతకాలి. దొరికాక పుస్తకం చదవకపోయినా ఫరవాలేదు, వెనక అట్ట లోపలి ప్రకటనలు చూడండి. తలనొప్పి మందులు, తపాలాలో సంగీత పాఠాలు, వి.పి.పి.లో, అంటే సరుకు అందాక డబ్బు కట్టే తపాలాలో, పంపే గడియారాలు. నా సంతలో ఎక్కువ జవాబులు వచ్చే సరుకు అదే. తొంభై దాటిన మా పెద్దమ్మ వాటిని కూతురి చేత చదివించుకుని, ఏ మందు నిజంగా పనిచేసేదో ఫోన్ చేసి చెప్తుంది.

సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల సైట్‌లో మొత్తం వెతుక్కునేలా ఉంది. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు ఆయన 1854లో ఇంకో నిఘంటువు కూడా వేశారు. "మన భాష ఇప్పుడే చెడిపోయింది" అని గ్రూపులో ఎవరైనా మొదలుపెట్టినప్పుడు ఈ రెండోది చాలా ఉపయోగపడుతుంది.

ఇవి కాక "బతికున్న" వింతలు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ అనే ఊళ్లో కాలవ మీద ఒక పాత లాకు ఉంది, పడవల్ని దాటించడానికి తెరిచి మూసే తలుపులన్నమాట. వసంతంలో చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు పోతాయి, ఆ రోజుల్లో పడవలు తక్కువ కాబట్టి లాకు మూసే ఉంటుంది, చేపలు తలుపు దగ్గర ఆగిపోయి పక్షుల పాలవుతాయి. 2021లో అక్కడ నీళ్లలో ఒక కెమెరా పెట్టారు. మనం ఇంట్లో కూర్చుని చూస్తూ చేప కనిపిస్తే గంట నొక్కడమే. చాలా చేపలు చేరాయని తెలిస్తే లాకు తలుపు తెరుస్తారు. ధవళేశ్వరం పక్కన పుట్టినవాణ్ణి, లాకులంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా చేపకు కాలింగ్ బెల్ అన్న ఊహ నాకెప్పుడూ రాలేదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ చెట్లకు నంబర్లూ ఈమెయిళ్లూ ఇచ్చింది, కొమ్మ విరిగితే చెప్తారని. జనం ఆ చెట్లకు ప్రేమలేఖలు రాశారు. ఇలాంటివి ఒక వాక్యంలో చెప్పి ఊరుకోవాలి.

ఎలా రాయాలి అన్నది మీరు చివర అడిగారు గానీ అసలు సంగతి అదే. మీరు పెట్టిన పోస్టుల్లో ఒకటి ఇక్కడ అతికించారు: "ప్రపంచంలోనే అతి నెమ్మదైన ప్రయోగం! తప్పక చూడండి!!" కింద లింకు. దాన్ని ఎవరూ తెరవలేదంటే వాళ్ల తప్పు లేదు. మీకు అందులో ఏం నచ్చిందో మీరు చెప్పలేదు. "తప్పక చూడండి" అనేది పురమాయింపు. ఇంటి గ్రూపులో పురమాయింపులు ఇప్పటికే చాలా ఉంటాయి.

అదే వింతను నేను పంపినప్పుడు రాసింది ఇది: "బ్రిస్బేన్‌లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో ఒక ప్రొఫెసరు గాజు గరాటులో తారు లాంటి పదార్థం పోశాడు. సుత్తితో కొడితే పెంకులా పగులుతుంది, కానీ నిజానికి ద్రవమే. 1930లో గరాటు అడుగు కోశారు. అప్పటినుంచి ఇప్పటికి తొమ్మిది చుక్కలు పడ్డాయి. జాన్ మెయిన్‌స్టోన్ అనే ఆయన దాన్ని యాభై ఏళ్లు కనిపెట్టుకుని ఉన్నాడు. 1979లో చుక్క శని ఆదివారాల్లో పడిపోయింది. 1988లో ఆయన ఏదో తాగడానికి ఇలా వెళ్లొచ్చేసరికి పడిపోయింది. 2000లో కెమెరా పెట్టుకుంటే ఆ సమయానికి కెమెరా పనిచేయలేదు. 2013లో ఆయన పోయాడు. తొమ్మిదో చుక్క 2014లో రాలింది." అంతే, లింకు. ఆశ్చర్యార్థకాలు ఒక్కటీ లేవు. ఆ వారం ఇరవై జవాబులు వచ్చాయి. ఒకాయన "మా నాన్న బస్సు కోసం ఇలాగే…" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. ప్రయోగం గురించి ఎవరూ ఏమీ అడగలేదు, అందరూ మెయిన్‌స్టోన్ గురించే.

అందుకని ప్రతి వింతలో మనిషిని వెతకండి. కేంబ్రిడ్జి కంప్యూటర్ ల్యాబులో కాఫీ కుండ మీద కెమెరా పెట్టిన కథ ఎందుకు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు? వేరే అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చేసరికి కుండ ఖాళీగా ఉండేది, ఆ చిరాకుతో 1991లో కెమెరా తగిలించారు. 1993లో అది వెబ్ మీదకొచ్చి లోకమంతా చూసింది, చిన్న నలుపు తెలుపు బొమ్మ. 2001లో ఆపేసి ఆ కుండను వేలం వేస్తే 3,350 పౌండ్లు పలికింది. టెక్నాలజీ ఎవరికీ గుర్తు లేదు, ఖాళీ కుండ అందరికీ తెలుసు.

ఇప్పుడు మీ బావగారి సంగతి. నాకూ అలాంటి మనిషి ఒకరున్నారు. సంత మొదలుపెట్టిన ఏడాదే దీపావళికి "నాసా తీసిన భారతదేశం ఫొటో" అని రంగురంగుల చిత్రం ఒకటి పంపాను. మీరూ చూసే ఉంటారు, దేశం నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు. డాలస్‌లో ఉన్న మా మేనకోడలు మర్నాడు పొద్దున్నే "మామయ్యా, అది దీపావళి కాదు" అని మెసేజ్ పెట్టింది. టెన్షన్ పడి వెతికితే తేలింది ఇది: అది ఒక్క రాత్రి ఫొటోయే కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవాలోని శాస్త్రవేత్త ఒకరు, ఉపగ్రహాలు ఏళ్ల తరబడి తీసిన రాత్రి వెలుగులను కలిపి చేసిన పటం. తెల్లవి 1992కి ముందు నుంచీ ఉన్న దీపాలు, నీలం 1992లో, ఆకుపచ్చ 1998లో, ఎరుపు 2003లో కొత్తగా కనిపించినవి. 2012లో నాసా తనే ఈ సంగతి వివరించి, నిజంగా ఆ ఏడాది దీపావళి రోజుల్లో రాత్రి తీసిన ఫొటో కూడా పెట్టింది. మామూలు రాత్రికీ దానికీ తేడా ఏమీ తెలియదు.

తర్వాతి శనివారం ఇదంతా రాసి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. దీపావళి ఫొటోకు వచ్చిన జవాబులు మూడు. సవరణకు పద్దెనిమిది. ఎందుకంటే అసలు పటం మరీ గొప్పది: పదేళ్లలో మన పల్లెలకు కరెంటు ఎలా పాకిందో అందులో కనిపిస్తుంది. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. నెట్‌లో దొరికేది సగం వింత. దాని వెనక్కి నడిచి వెళ్తే మిగతా సగం దొరుకుతుంది. నేను పంచేది ఆ రెండో సగాన్నే.

దీనికి ఒక పెద్ద ఉదాహరణ చెప్తాను, మన ఊరిది. "హీలియంను కనిపెట్టింది మన గుంటూరులోనే" అనే ఫార్వర్డు ఏడాదికోసారైనా వస్తుంది. పూర్తిగా అబద్ధం కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా పోయింది. పియేర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరులో ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో పరికరాలు దింపుకుని చూశాడు. అదే గుంటూరులో మేజర్ టెన్నెంట్ అనే ఆంగ్లేయుడి శిబిరం కూడా ఉంది. మద్రాసు ఖగోళ పరిశోధనశాల నుంచి పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త బందరులో దిగాడు. ఐదు నిమిషాలకు పైగా చీకటి. అందరూ స్పెక్ట్రోస్కోపు అనే కొత్త పరికరంతో సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును చీల్చి చూశారు. అందులో పసుపు గీత ఒకటి కనిపించింది.

ఫార్వర్డు ఇక్కడ ఆగిపోతుంది. కథ ఇక్కడే మొదలు. ఆ పసుపు గీత సోడియం అనే మూలకానిదేనని చాలామంది అనుకున్నారు. గీత సోడియం ఉండాల్సిన చోట సరిగ్గా లేదని అనుమానం వచ్చినవాడు బందరులో ఉన్న పాగ్సన్. జాన్సెన్‌కు పసుపు గీత పట్టలేదు, ఆయన్ని ఊపేసింది వేరే: ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనిపిస్తాయేమో అనిపించింది. మర్నాడు, ఆగస్టు 19న, గుంటూరు ఎండలో చూశాడు. కనిపించాయి. అప్పటిదాకా గ్రహణం ఉన్న నాలుగైదు నిమిషాలు తప్ప ఎవరూ చూడలేనిది, ఆ రోజు నుంచి రోజూ చూడొచ్చు. గుంటూరులో నిజంగా కనిపెట్టింది అది. ఈ సంగతి రాసిన జాన్సెన్ ఉత్తరం ఓడెక్కి పారిస్ చేరేసరికి, ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఆయన అదే పద్ధతిని సొంతంగా కనిపెట్టి తనూ ఉత్తరం రాశాడు. రెండూ 1868 అక్టోబరు 26న ఫ్రెంచి సైన్స్ అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. తగువు పెట్టుకోకుండా ఇద్దరి బొమ్మలతో ఒక పతకం వేయించారు. పసుపు గీత కొత్త మూలకానిదని తర్వాత పట్టుకున్నవాడు లాకియర్, హీలియం అనే పేరు వచ్చిందీ అక్కడినుంచే. భూమి మీద అది దొరికింది 1895లో, లండన్‌లో విలియం రామ్సేకు.

ఇప్పుడు చెప్పండి, "హీలియం మన గుంటూరుదే" అన్న ఒక్క ముక్క బాగుందా, ఇది బాగుందా? నేను ఇది పంపినప్పుడు గుంటూరువాళ్లకూ బందరువాళ్లకూ మధ్య మొదలైన వాదన మూడు వారాలు నడిచింది. రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు ఒకాయన మధ్యవర్తిగా కూర్చోవాల్సి వచ్చింది.

వెనక్కి వెళ్లడం ఎలా అంటే, ఫొటో అయితే, ఫొటోతోనే వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐ లోనో వేయండి. ఏ పాత తేదీతో ఎక్కడ మొదట కనిపించిందో చూడండి. "యునెస్కో ప్రకటించింది", "నాసా చెప్పింది" అని ఉంటే ఆ సంస్థ సైట్‌లోకే వెళ్లి చూడండి. మన జాతీయగీతానికి యునెస్కో కిరీటం పెట్టిందన్న కబురు ఎన్నేళ్లుగా తిరుగుతోందో, ఆ సంస్థ కాదన్నా ఆగలేదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చినదాన్ని నేను అసలు ముట్టుకోను, చాలాసార్లు చేతులు మారిందని ఆ గుర్తే చెప్తోంది. ఏఐ బొమ్మలు పట్టుకోవడానికి మొన్నటిదాకా బోర్డుల మీది తెలుగు అక్షరాలు చూసేవాణ్ణి, వంకరగా ఉండేవి. ఈ మధ్య అదీ సరిపోవట్లేదు. అందుకే ఫొటో తీసినవాళ్ల పేరూ ఊరూ దొరక్కపోతే వదిలేస్తున్నాను. ఫిల్లర్‌కు డేట్‌లైన్, అంటే ఏ ఊరు, ఏ తేదీ అన్నది, లేకపోతే మా చీఫ్ సబ్ ఎడిటరు చించేసేవారు, ఆ అలవాటు.

అలాగే మనుషుల్ని చూసి నవ్వే వీడియోలు పెట్టకండి. కూరగాయల బండి ఆయన జారిపడ్డాడు, ఎవరో పెళ్లిలో పిచ్చి గెంతులు వేశారు, ఇలాంటివి. ఆ బండి ఆయనకూ ఒక ఫ్యామిలీ గ్రూపు ఉంటుంది.

ఇంకో పని: పంపే ముందు ఆ పేజీని ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో దాచండి. లింకు అతికించి ఒక మీట నొక్కితే చాలు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు దొరకలేదట. నా మొదటి ఏడాది ఉత్తరాలు తిరగేస్తే పరిస్థితి అలాగే ఉంది.

ఎవరికి పంపుతున్నారో కూడా చూసుకోండి. కలివికోడి అని కడప అడవుల్లో పక్షి, అంతరించిపోయిందనుకుంటే 1986లో మళ్లీ కనిపించింది. దాని గుడ్డు లోకంలో ఎక్కడా లేదనుకున్నారు. 2013లో స్కాట్లండ్‌లోని అబర్‌డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒకటి బయటపడింది, 1917లో కోలారు బంగారు గనుల దగ్గర ఒకాయన ఏరిపెట్టుకున్నది. డి.ఎన్.ఏ. పరీక్షలో అదేనని తేలింది. దీన్ని అందరికీ పంపితే మర్యాదగా "బాగుంది" అన్నారు. కడప జిల్లాలో ఉండే మా వియ్యంకుడు మాత్రం, తెలుగుగంగ కాలవ తవ్వకాల్లో ఆ పక్షి తిరిగే పొదలు ఎలా పోయాయో మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. ఆ తర్వాతి సంతలో అవే పెట్టాను. అందుకని మీ గ్రూపులో ఎవరిది ఏ ఊరు, ఎవరు ఏ పని చేశారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఐదింటిలో ఒక్కటి ఎవరో ఒకరి ఊరికి ఆనుకుని ఉండాలి. అది వాళ్లకే పేరు పెట్టి పంపండి: "బావగారూ, ఇది మీరు చూసి చెప్పాలి" అని. నిజంగానే మీ బావగారితో మొదలుపెట్టండి. తప్పు పట్టుకున్నాడంటే చదివాడన్నమాట. మీ రెండు గ్రూపుల్లో కలిపి ఆ పని చేసిన ఏకైక మనిషి ఆయనే.

ఈ శనివారానికి నా దగ్గర నాలుగే నిలిచాయి, ఐదోది ఇంకా ఊరుతోంది. బ్రిస్బేన్ గరాటు మాత్రం నా కంప్యూటర్‌లో ఒక ట్యాబ్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అది లైవ్‌లో వస్తుంది. రాత్రి కాఫీ గ్లాసు పెట్టడానికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ తొంగిచూసి "పడిందా?" అంటుంది. పదో చుక్క, ఇది రాస్తున్నప్పటికి, ఇంకా పడలేదు.